ఏరు దాటాక తెప్ప తగలెయ్యకండి

అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళలో చేపలు తినేవాళ్ళకు కొదవ లేదు గాని పట్టేవాళ్ళు తక్కువ. ఈమధ్య ఆ లెక్క కొంచెం మారుతున్నట్టుంది. హ్యూస్టన్ చుట్టుపక్కల మనవాళ్ళ గరాజ్‌లలో, ఇండియా ప్రయాణాల సూట్‌కేసుల పక్కన, ఒక కయాక్, రెండు మూడు గాలపు కర్రలు కనిపిస్తున్నాయి. శనివారం తెల్లవారుజామున లేచి గాల్వెస్టన్ బే మీద తెడ్డు వేసుకుంటూ వెళ్ళి, రెడ్ ఫిష్‌కో ట్రౌట్‌కో గాలం వేసి రావడం ఎంతో ఆరోగ్యకరమైన అలవాటు. వారమంతా కంప్యూటర్ల ముందు, పేషంట్ల మధ్య నలిగే మన ఒంటికీ మనసుకీ అంతకంటే మంచి మందు లేదు.

అయితే ఆ గరాజ్‌లలో నాకు నచ్చనిది ఒకటి ఉంది. కిందటి వేటకు తీసుకెళ్ళిన సామాను అలాగే పడి ఉంటుంది. రీల్ చుట్టూ తెల్లగా ఉప్పు, గాలాల డబ్బాలో ఎర్రగా తుప్పు, ఉండ చుట్టి మూల పడేసిన తడి లైఫ్ జాకెట్. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చేపల వేట ఒడ్డుకు రావడంతో పూర్తి కాదు. సామాను కడిగి, ఆరబెట్టి, దేని చోట దాన్ని పెట్టినప్పుడు పూర్తవుతుంది. ఆ చివరి అరగంటకు ఓపిక లేనివాళ్ళు కయాక్ కొనకపోవడమే మంచిది. ఇది కటువుగా వినిపించవచ్చు. ఎందుకంటున్నానో వినండి.

కయాక్ మనకు సరదా వస్తువు గాని, అది పుట్టింది బతుకుతెరువు కోసం. ఉత్తర ధ్రువ ప్రాంతంలో ఇన్యూట్ జాతివాళ్ళు, అలూషియన్ దీవుల్లో ఉనంగన్ జాతివాళ్ళు కొయ్యతో, ఎముకలతో చట్రం కట్టి, దాని మీద సీల్ వంటి సముద్ర జంతువుల చర్మం బిగించి వేటకు వెళ్ళేవారు. నీరు చొరకుండా ఆ చర్మాలను కుట్టే పని ఆడవాళ్ళది. చర్మం నాని చివికిపోకుండా ఆరబెట్టడం, నూనె పట్టించడం సాగుతూనే ఉండేది. ఒక్క కుట్టు వదిలినా ఆ మంచునీళ్ళలో మనిషి దక్కడు.

మన ఉత్తరాంధ్ర తీరంలో మత్స్యకారుల తెప్ప కూడా అటువంటిదే. తేలిక కొయ్య దుంగలు పక్కపక్కన చేర్చి తాళ్ళతో బిగించి కడతారు. అల పైనుంచి వచ్చి దుంగల సందుల్లోంచి పోతుంది, నిలవదు. మనం ఇక్కడ ఎక్కువగా కొనే సిట్-ఆన్-టాప్ కయాక్ సూత్రమూ అదే. పైన కూర్చుంటాం, మీద పడ్డ నీళ్ళు అడుగు రంధ్రాల గుండా జారిపోతాయి. వేట ముగించి వచ్చిన మత్స్యకారులు కట్లు విప్పి దుంగల్ని ఆరబెట్టేవారు. నానిన దుంగ బరువెక్కి సరిగా తేలదు. వలలు ఇసుక మీద పరిచి, చిరుగులు చూసి అల్లుకునేవారు. ఫైబర్ పడవలు, మోటార్లు వచ్చాక తెప్పలు బాగా తగ్గిపోయాయి గాని, ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకునే దృశ్యం ఇవాళ్టికీ కనిపిస్తుంది. చదువుకోని వాళ్ళ పని అని మనం చిన్నచూపు చూసిన దాంట్లో ఎంత క్రమశిక్షణ ఉందో ఆలోచించండి.

అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అనుమానం. మనలో చాలామంది, వస్తువు కొనడం ఇంటివాళ్ళ పని, కడగడం పనివాళ్ళ పని అనుకునే ఇళ్ళలో పెరిగాం. పెద్ద చదువులు చదివి ఇంత దూరం వచ్చినా ఆ అలవాటు మనతోపాటే విమానం ఎక్కి వచ్చింది. ఇక్కడ పనివాళ్ళు లేరు కాబట్టి పాడైతే కొత్తది కొంటాం. దసరాకు మాత్రం కారుకు బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఆయుధపూజ చేస్తాం. పూజ మంచిదే. కాని మన పెద్దవాళ్ళు పూజకు ముందు పనిముట్టును శుభ్రంగా కడిగి తుడిచేవారు. మనం ఆ మొదటి సగం వదిలేశాం.

మా వైద్యవృత్తిలో ఆపరేషన్ అయ్యాక పరికరాలను వెంటనే తుడిచి, తడి ఆరకముందే శుభ్రం చేసే గదికి పంపుతారు. రక్తం ఎండి అంటుకుపోతే తరువాత ఎంత కడిగినా సులువుగా పోదు. ఉప్పునీళ్ళూ అంతే. నీరు ఆవిరైపోతుంది గాని ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు గాలిలో తేమను పీల్చి మళ్ళీ తడి అవుతుంది. హ్యూస్టన్ గాలిలో తేమకు కరువా? రీల్ ఒళ్ళు అల్యూమినియం, మరలు స్టీలు అయితే, ఆ ఉప్పు తడిలో రెండు లోహాలు కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. తినుకుపోయేది అల్యూమినియం. ఇంజనీరు మిత్రులకు ఇంతకంటే చెప్పనక్కరలేదు.

కాబట్టి ఇంటికి రాగానే రీల్‌ను మంచినీళ్ళతో కడగాలి, అదీ సన్నని జల్లుతో. పైపుతో జోరుగా కొడితే ఉప్పు బేరింగుల లోపలికి పోతుంది. బకెట్లో ముంచి నానబెట్టడమూ వద్దు. కడిగే ముందు డ్రాగ్ మర బిగించాలి, లోపలి వాషర్లకు నీరు చేరకుండా. ఆరాక వదులు చేసి పెట్టాలి. బిగించి నెలల తరబడి వదిలేస్తే వాషర్లు అణిగిపోతాయి. పెద్ద చేప లాగినప్పుడు మెత్తగా జారవలసిన దారం పట్టేసి తెగుతుంది. అప్పుడప్పుడు బేరింగులకు ఒక చుక్క పల్చటి నూనె, పళ్ళ చక్రాలకు కాస్త గ్రీజు చాలు. అన్ని రోగాలకూ డబ్ల్యూడీ-40 కొట్టే మిత్రులకు ఒక మాట. అది నీటిని తరమడానికి పుట్టిన మందు. రీల్‌కు వేసే నూనెకు బదులు కాదు.

గాలపు కర్ర మీది రింగుల్లో కాస్త దూది పెట్టి తిప్పి చూడండి. పోగులు తగులుకుంటే అక్కడ పగులు ఉన్నట్టు. ఆ పగులే దారాన్ని కోసేస్తుంది. వాడిన గాలాలను తడిగా డబ్బాలో వేస్తే కొత్తవాటికి కూడా తుప్పు అంటుకుంటుంది. రెండు ముక్కల తెడ్డును విడదీసి ఇసుక కడగకపోతే కొన్నాళ్ళకు అవి విడిరావు.

ఇక కయాక్ సంగతి. మనం కొనేవి చాలావరకు పాలిథిలీన్‌తో చేసినవి. ఏళ్ళ తరబడి ఎండలో ఉంటే అది పెళుసెక్కుతుంది. టెక్సాస్ వేసవి వేడికి మెత్తబడి, తాడు బిగించిన చోట సొట్ట పడుతుంది. నీడలో, బోర్లించి గాని పక్కకు ఒరిగించి గాని, వెడల్పాటి పట్టీల మీద ఉంచాలి. మూతలు తీసి లోపలి తేమ ఆరనివ్వాలి. అడుగు రంధ్రాల దగ్గర, నేల మీద ఈడ్చిన వెనక అంచు దగ్గర పగుళ్ళు ఉన్నాయేమో చూడాలి. సన్నని పగులు ఒడ్డున ఉండగా ఏమీ చెయ్యదు. బే మధ్యలో లోపల చేరిన నీళ్ళు ఒక పక్కకు దొర్లినప్పుడు కయాక్‌ను బోల్తా కొట్టిస్తుంది.

ఇంతవరకు డబ్బు నష్టం మాట. ఇప్పుడు ప్రాణం మాట చెబుతాను. అమెరికా కోస్ట్ గార్డ్ లెక్కల ప్రకారం 2023లో ఈ దేశంలో సరదా పడవ ప్రమాదాల్లో 564 మంది చనిపోయారు. వాళ్ళలో నూటికి 75 మంది మునిగి చనిపోయినవాళ్ళే. అలా మునిగినవాళ్ళలో నూటికి 87 మంది లైఫ్ జాకెట్ వేసుకోలేదు. టెక్సాస్ చట్టం ప్రకారం కయాక్‌లో మనిషికొక జాకెట్ ఉండాలి. 13 ఏళ్ళలోపు పిల్లలు నీటి మీద ఉన్నంతసేపూ వేసుకునే ఉండాలి. పెద్దవాళ్ళు పక్కన పెట్టుకుంటే చట్టానికి సరిపోతుంది, నీళ్ళకు సరిపోదు. తడిగా చుట్టి పడేసిన జాకెట్‌కు బూజు పడుతుంది, ఎండలో మాడినదాని గుడ్డ చివుకుతుంది. బూజు కంపు కొట్టే జాకెట్‌ను ఎవరూ వేసుకోరు, పక్కన పెట్టుకుంటారు. మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరవేసే ఆ రెండు నిమిషాల పని ఎంత విలువైనదో ఇక్కడ తెలుస్తుంది. గాలి నిండే రకం జాకెట్ అయితే గ్యాస్ సిలిండర్ సరిగా ఉందో లేదో కూడా చూసుకోవాలి. కయాక్‌ను కారు మీద కట్టే పట్టీలూ సామానే. ఎండకు చివికిన పట్టీ 45వ నంబరు ఫ్రీవే మీద తెగితే వెనక వచ్చే కారులో వాళ్ళు చేసిన పాపం ఏమిటి?

డాక్టరుగా ఇంకొక హెచ్చరిక చెయ్యాలి. గల్ఫ్ తీరపు వెచ్చటి ఉప్పునీళ్ళలో విబ్రియో వల్నిఫికస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది. చేప ముల్లో గాలమో గుచ్చుకున్న చిన్న గాయం గుండా ఒంట్లోకి పోగలదు. అరుదైన జబ్బే గాని, సోకినవాళ్ళలో అయిదుగురికి ఒకరు చనిపోతారు. కాలేయ వ్యాధి ఉన్నవాళ్ళకు ప్రమాదం మరీ ఎక్కువ. షుగరు ఉన్నవాళ్ళూ జాగ్రత్తగా ఉండాలి. మన ఇళ్ళలో షుగరు ఎంత మందికి ఉందో నేను చెప్పాలా? ఒంటి మీద పుండు ఉంటే ఆ వారం వేట మానుకోండి. గుచ్చుకుంటే వెంటనే మంచినీళ్ళతో, సబ్బుతో కడగండి. ఎర్రబడి, వాచి, నొప్పి పెరుగుతూ ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళి, సముద్రపు నీళ్ళలో గుచ్చుకుందని ముందే చెప్పండి. కంటిలో గుచ్చుకున్న గాలాన్ని మీరు ముట్టుకోవద్దు. టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని ఎన్నేళ్ళయిందో కూడా చూసుకోండి.

మన అజాగ్రత్తకు మనమే బలి అయితే అదొక దారి. పాపం పక్షులు కూడా బలి అవుతున్నాయి. డీడీటీ వల్ల టెక్సాస్ తీరంలో దాదాపు కనుమరుగైన బ్రౌన్ పెలికాన్లు, 1972లో ఆ మందును నిషేధించాక మెల్లగా కోలుకున్నాయి. 2009లో వాటిని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోంచి తీసేశారు. గాల్వెస్టన్ పక్కన నార్త్ డీర్ దీవిలో అవి గూళ్ళు పెడతాయి. అంత కష్టం మీద తిరిగొచ్చిన పక్షి, మనం తెంపి పారేసిన నైలాన్ దారం రెక్కకు చుట్టుకుని ఎగరలేక చావాలా? ఆ దారం నీళ్ళలో ఏళ్ళ తరబడి నశించకుండా ఉంటుంది. ఎండకు బలహీనపడిన పాత దారాన్ని ఏటా మార్చండి. తీసిన దారాన్ని ముక్కలుగా కత్తిరించి ఇంటికి తీసుకురండి, లేదా పడవలు దింపే రేవుల దగ్గర, పియర్ల దగ్గర ఆ దారం కోసమే పెట్టిన గొట్టాల్లో వెయ్యండి.

చేపలు పట్టడమే హింస కదా, ఇక ఈ దయ ఎందుకని శాకాహార మిత్రులు అడగవచ్చు. వాళ్ళ నమ్మకంతో నాకు వాదం లేదు. కాని వేసేవాళ్ళు ఎలాగూ గాలం వేస్తారు. టెక్సాస్ నిబంధన ప్రకారం 20 అంగుళాల లోపు రెడ్ ఫిష్‌ను వదిలెయ్యాలి. పదునైన గాలం, తుప్పు లేని ప్లయర్స్ ఉంటే, తడి చేతులతో పట్టుకుని క్షణాల్లో వదలవచ్చు, అది బతుకుతుంది. మొండి గాలం, కదలని ప్లయర్స్ అయితే దాన్ని పీకి పీకి చంపి వదులుతాం. దయ చూపాలన్నా సామాను బాగుండాలి.

గంటకు ఇన్ని డాలర్లు సంపాదించేవాడు అరవై డాలర్ల రీల్ కోసం అరగంట పాడుచేసుకోవడం ఏం లెక్క అని మరికొందరు అంటారు. రీల్ ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే వాళ్ళ మాట నిజమే. కాని ఆ అరగంట పెరట్లో పక్కన పిల్లలు ఉంటారు. పదేళ్ళ పిల్ల పైపు పట్టుకుని నీళ్ళు జల్లగలదు, దూదితో రింగులు చూడగలదు. నాన్న తన వస్తువును తానే కడుక్కోవడం చూస్తుంది. అమ్మ కయాక్‌ను నాన్న, నాన్న కయాక్‌ను అమ్మ పట్టుకుని గరాజ్‌లో పెట్టడం చూస్తుంది. చేతిపని చిన్నతనం కాదని మనం ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా ఇంత బాగా ఎక్కదు.

మన సంఘానికి ఒక చిన్న సూచన చేసి ముగిస్తాను. ఏటా చెరువు ఒడ్డున జరిపే పిక్నిక్‌లో ఒక గంట దీనికి కేటాయిద్దాం. ఎవరి లైఫ్ జాకెట్లు, పట్టీలు వాళ్ళు తెస్తే, తెలిసినవాళ్ళు చూసి పనికిరానివి పక్కన పడేయిస్తారు. గరాజ్‌లో ఊరికే ఉన్న మంచి జాకెట్లను, కొత్తగా చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలకు ఇద్దాం. ఈత రాని కుర్రాళ్ళు స్నేహితులతో సరదాగా చెరువుకు వెళ్ళి శవాలై తిరిగి వచ్చిన వార్తలు చదివి, చందాలు పోగుచేసి ఇండియాకు పంపడం మనకు అలవాటైపోయింది. ఆ చందా కంటే ముందు ఒక జాకెట్ ఇవ్వడం మేలు.

ఏరు దాటి తెప్ప తగలేసినవాణ్ణి మన సామెత వెక్కిరించింది. గరాజ్‌లో ఉప్పుతో, తడితో వదిలేసినా జరిగేది అదే, కాస్త నిదానంగా. ఈ దసరాకు మీ కయాక్‌కు, మీ గాలపు కర్రకు కూడా బొట్టు పెట్టండి. ముందు మాత్రం శుభ్రంగా కడగండి. సభ్యుల కుటుంబాలన్నిటికీ విజయదశమి శుభాకాంక్షలు.