గొప్ప అభిరుచి అనే ముసుగు

ఇష్టమైన సంగీతమేదని అడిగితే మనవాళ్ళందరూ త్యాగరాజ కీర్తనలనో, ఘంటసాల పద్యాలనో చెబుతారు. బాగానే ఉంది. మరి 1994లో రెహమాన్ ‘ప్రేమికుడు’ క్యాసెట్టును రెండు వైపులా తిప్పి తిప్పి, టేపు అరిగిపోయేదాకా విన్నదెవరు?

నేనైతే విన్నాను. అంతటితో ఆగక, ముగ్గురు మిత్రులతో కలిసి వినాయక చవితి పందిట్లో ‘ఆర్కెస్ట్రా’ కూడా పెట్టాను. అరువు గిటారుకు ఆరు తీగల్లో నాలుగే మిగిలాయి; డ్రమ్ములకు బదులు నూనె డబ్బాలు. రెండో చరణంలో నా అపశ్రుతికి తాళలేక మైకు అబ్బాయి వైరు పీకేశాడు. ఆ సిగ్గు నేటికీ చావలేదు.

అయినా శ్రుతి అనేదొకటి ఉంటుందని నాకు తెలిసింది, అది తప్పిన ఆ రాత్రే. త్యాగరాజును వినగలిగే చెవి నాకు ఆ నూనె డబ్బాల దగ్గరే మొలిచింది. తొలిమెట్టును దాచి శిఖరాన్ని మాత్రమే చూపడం అభిరుచి కాదు, బడాయి.

అయ్యలారా, అమ్మలారా! అటక మీది పాత క్యాసెట్ల పెట్టెను ఒక్కసారి దించండి.