కేప్ సరే, కథ ఎవరు రాస్తారు?

పోస్టు కొంచెం పెద్దదే. రాత్రి అన్నాలు తినీసి తీరిగ్గా చదవండి. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు బొమ్మ పెట్టాడు కదా. కొమురం భీమ్‌కి వెనకాల సూపర్‌మేన్ లాగ ఎర్ర కేప్, ఛాతీ మీద విల్లు గుర్తు, చుట్టూ మెరుపులు. ఫోన్లో ఏఐతో చేసిన బొమ్మ. అందరం లవ్ సింబల్ కొట్టాం, నేనూ కొట్టాను. తర్వాత కింద గొడవ మొదలయింది. "పోరాడి ప్రాణాలు ఇచ్చినోడికి ఈ వేషమేటి?" అని ఒక అన్నయ్య. "మన గుంటలకి స్పైడర్‌మేన్ తెలుసు, భీమ్ తెలీదు. ఇలాగైనా తెలుస్తాడు కదా" అని ఇంకో అక్క. రెండు రోజులు నడిచి ఆగిపోయింది.

నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. కానీ ఇద్దరూ బొమ్మ గురించే మాట్లాడారు. ఆ బొమ్మ లోపల మనిషి ఏమనుకుంటున్నాడో ఎవరు రాస్తారు అన్నది నా ప్రశ్న.

సూపర్‌హీరోల మీద బొమ్మలు లేకుండా, ఒట్టి అక్షరాలతో నవలలు ఉంటాయని పోయిన ఏడాది వరకు నాకు తెలీదు. విశాఖలో పీజీ చదువుతున్న మా ఊరి అక్క పాత పుస్తకాల దుకాణంలో కొన్న ఇంగ్లీషు నవల ఒకటి నా చేతిలో పెట్టింది. పేరు 'మైల్స్ మొరాలెస్: స్పైడర్‌మేన్'. రాసింది జేసన్ రేనాల్డ్స్ అనే అమెరికా నల్లజాతి రచయిత. 2017లో వచ్చింది. పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివితే నాకు రెండు నెలలు పట్టింది. సగం మాటలు ఊహించుకున్నవే.

ఈ మైల్స్ అనే కుర్రాడు 2011లో కామిక్స్‌లోకి వచ్చాడు. తండ్రి నల్లజాతి ఆయన, తల్లిది ప్యూర్టోరికో మూలం. ఊరు న్యూయార్క్‌లో బ్రూక్లిన్. నవలలో అతను స్కాలర్‌షిప్ మీద పెద్ద స్కూల్లో చేరి అక్కడే హాస్టల్లో ఉంటాడు. స్కూలు వాళ్ల చిన్న దుకాణంలో పని చేస్తాడు. అక్కడ సరుకు పోతే మాట అతని మీదకే వస్తుంది. చరిత్ర చెప్పే మాస్టారు బానిసత్వాన్ని వెనకేసుకొచ్చినట్టు మాట్లాడుతుంటే వినాలి. అతను గోడలెక్కగలడు, కనపడకుండా మాయమవగలడు. కానీ స్కాలర్‌షిప్ పోతే ఇంటికెళ్లి అమ్మానాన్నల మొహం ఎలా చూడాలి అన్న భయం ముందు ఆ శక్తులేవీ పని చెయ్యవు.

అక్కడ పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. ఎందుకో చెప్తాను. ఇంటర్ అయ్యాక సెలవుల్లో టౌన్లో ఒక బట్టల షాపులో పనికి కుదిరాను. ఒకరోజు లెక్కలో రెండు జాకెట్టు ముక్కలు తగ్గాయి. పని చేసేవాళ్లం ఏడుగురం. సంచి విప్పించింది మా ఇద్దరిదే. నాది, మా పక్క ఊరి అమ్మాయిది. ఇద్దరం కొండ మీద నుంచి దిగినోళ్లం. ముక్కలు మర్నాడు వేరే బీరువాలో దొరికాయి. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. ఈ రోజే మొదటిసారి రాస్తున్నాను.

కామిక్స్‌లో అయితే ఇదంతా ఒక గడిలో అయిపోతుంది. తల దించుకున్న కుర్రాడు, పక్కన రెండు ముక్కల మాట, తర్వాతి గడిలో ఫైటింగు. నవలలో ఆ అవమానం పేజీల తరబడి ఉంటుంది. అన్నం తిన్నప్పుడు ఉంటుంది, మంచం మీద పడుకున్నప్పుడు ఉంటుంది. నాకు స్పైడర్‌మేన్ శక్తులు అక్కర్లేదు. నాకు జరిగింది ఎక్కడో దూరంగా ఇంకొకడికి కూడా జరిగిందని, దాన్ని ఒకరు పుస్తకంలో పెట్టారని తెలియడమే నాకు కావలసింది.

ఇది కొత్త పద్ధతేం కాదు. సూపర్‌మేన్ కామిక్స్‌లోకి వచ్చింది 1938లో. 1942లోనే జార్జ్ లోథర్ అనే రేడియో రచయిత అతని మీద వచన నవల రాశాడు. సూపర్‌మేన్‌ని పుట్టించిన ఇద్దరిలో ఒకరైన జో షూస్టర్ దానికి బొమ్మలు వేశాడు. బ్లాక్ పాంథర్ సినిమా 2018లో వచ్చింది. దానికి ముందు ఏడాదే జెస్సీ హాలండ్ అనే నల్లజాతి జర్నలిస్టు ఆ వీరుడి కథని నవలగా రాశాడు. అంటే ఒకడి ఒంటిని, బలాన్ని బొమ్మలో చూపించాక, వాడి మనసుని చెప్పడానికి మళ్లీ అక్షరాల దగ్గరకే వచ్చారు.

ఇప్పుడు మన సంగతి. 2022లో కేంద్ర సాంస్కృతిక శాఖ, అమర్ చిత్ర కథ కలిసి 20 మంది ఆదివాసీ స్వాతంత్ర్య వీరుల మీద బొమ్మల పుస్తకం తెచ్చాయి. మంచిదే. అదే ఏడాది ఆర్‌ఆర్‌ఆర్ వచ్చింది. పులుల్ని వదిలే సీనులో నేనూ ఈలలేశాను. కానీ సినిమా చూసి బయటికి వచ్చాక ఆలోచించండి. మన భీమ్‌కి ఒళ్లు ఇచ్చారు, కండలు ఇచ్చారు, అరుపు ఇచ్చారు. ఆలోచన, తెలివి మాత్రం పక్కవాడు నేర్పితే వచ్చినట్టు చూపించారు. ఆ సినిమాకి చాలా ఏళ్ల ముందే అల్లం రాజయ్య, సాహు కలిసి 'కొమురం భీము' నవల రాశారు. ఆ సినిమా చూసినోళ్లలో ఆ నవల పేరు విన్నోళ్లు ఎంతమంది? మన గ్రూపులోనే చెయ్యెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయి? నేను కూడా పేరు వినడం ఈ ఏడాదే. మన వైపు అల్లూరి పేరు మీద జిల్లా ఉంది, విగ్రహాలున్నాయి. ఆయన పక్కన నిలబడ్డ గాం గంటందొర, గాం మల్లుదొర ఏం మాట్లాడుకునేవారో మనకి తెలీదు.

ఇంకా దగ్గరకి వస్తాను. సాలూరు వైపు కొర్రవానివలస కొర్ర మల్లయ్య పేరు విన్నారా? కొండదొరల మనిషి. 1900లో ఆయన చుట్టూ నాలుగైదు వేల మంది చేరారు. తను పంచపాండవుల్లో ఒకడి అవతారమని చెప్పాడు. పసిబిడ్డ అయిన తన కొడుకు కృష్ణుడన్నాడు. ఇంగ్లీషోళ్లని తరిమేసి తనే ఏలతానన్నాడు. వెదురు బొంగుల్ని తుపాకుల్లాగ చెక్కించి జనం చేత కవాతు చేయించాడు. సమయం వచ్చినప్పుడు ఆ వెదుర్లు నిజం తుపాకులవుతాయి, సర్కారోళ్ల ఆయుధాలు నీళ్లయిపోతాయి అన్నాడు. పాచిపెంట మీద పడదామనుకున్నారు. ఇద్దరు కానిస్టేబుళ్లు చనిపోయారు. తర్వాత పోలీసులు వచ్చి కాల్చారు. 11 మంది పోయారు. వెదుర్లు తుపాకులు అవలేదు. మల్లయ్య జైల్లో చనిపోయాడు, ఇద్దర్ని ఉరి తీశారు. కృష్ణుడన్న ఆ బిడ్డ కూడా చనిపోయాడు.

ఇదంతా 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ అనే దొర రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్లో ఉంది. చిన్న పేరా. స్వామి పోయాడు, కొడుకు పోయాడు, ఇంక గొడవ లేదు అన్నట్టు ముగుస్తుంది.

దీన్ని ఏఐకి ఇచ్చి బొమ్మ చెయ్యమంటే ఏం చేస్తుంది? వెదురు తుపాకీలోంచి మంటలొస్తున్నట్టు చేస్తుంది. అందరం లవ్ సింబల్ కొడతాం. కానీ మంటలు రాలేదు కదా. రాలేదన్న చోటే నాకు కథ ఉంది. ముందు రోజు రాత్రి చేతిలో వెదురు పట్టుకుని కూర్చున్న మనిషి నిజంగా నమ్మాడా? నమ్మకపోయినా, వెట్టి చేసీ చేసీ ఇంక దారి లేక వచ్చాడా? మొదటి గుండు తగిలినప్పుడు పక్కవాడి మొహం చూశాడా? మల్లయ్య తనని తను నమ్మాడా? అన్నిటికంటే నన్ను పట్టి పీడించే ప్రశ్న ఒకటి: ఆ బిడ్డ తల్లి ఎవరు? గెజిటీర్లో ఆమె లేదు. మొగుడు దేవుడయ్యాడు, కొడుకు దేవుడయ్యాడు, ఇద్దరూ పోయారు. ఆమె మర్నాడు పొయ్యి వెలిగించిందా? దీన్ని ఏ బొమ్మా చెప్పలేదు. వచనమే చెప్పాలి.

పోయిన శివరాత్రికి మా మామ్మతో శ్రీముఖలింగం వెళ్లాను. చక్రతీర్థ స్నానానికి వంశధారలో ఇసకేస్తే రాలనంత జనం. మా కొండల నుంచీ, ఒడిశా వైపు నుంచీ మనవాళ్లు చాలామంది దిగారు. అక్కడి స్థలపురాణం మీకు తెలిసిందే. శబర దొరకి ఇద్దరు పెళ్లాలు. ఇంటి ముందు ఇప్పచెట్టు. పువ్వుల దగ్గర ఇద్దరికీ తగువు. విసిగిపోయిన దొర గొడ్డలెత్తి చెట్టు నరికితే మొదట్లో శివుడి మొహం కనపడింది. అందుకే ఆ స్వామి మధుకేశ్వరుడు, మధుకం అంటే ఇప్ప. అంత పెద్ద గుడి, అన్ని శిల్పాలు, దాని కథ మొదలయ్యేది మన సవర ఇంటి ముంగిట్లో. నేను సంబరంగా ఇది చెప్తుంటే మామ్మ మెట్ల మీద కూర్చుని అంది: "ఓలమ్మీ, చెట్టు కొట్టీసినాక ఆ ఆడోళ్లు ఇప్పపువ్వుకి ఎక్కడికెళ్లేరే?"

నా దగ్గర జవాబు లేదు. కానీ నవల రాసేవాళ్లు అడిగే ప్రశ్న అదేనని నాకిప్పుడు అనిపిస్తోంది. మామ్మకి చదువు లేదు. ప్రశ్న మాత్రం ఉంది.

శ్రీముఖలింగానికి దగ్గర్లోనే పర్వతాలపేట. గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టిన ఊరు. ఆగస్టు 29న కాలేజీలో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు, వాడుక భాష కోసం పోరాడారని చెప్తారు. ఆయన మన సవర భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం, తర్వాత నిఘంటువు తెచ్చారని మాత్రం ఎవరో ఒకరే గుర్తు చేస్తారు. ఆయన చెప్పిన వాడుక భాష సంగతి మనకే ఎక్కువ పనికొస్తుంది. మనకి "మంచి తెలుగు" రాదని, రాస్తే నవ్వుతారని భయం. మనం మాట్లాడినట్టు రాయడం తప్పు కాదని మన పక్క ఊరి మనిషే నూరేళ్ల కిందట వాదించి గెలిచాడు. ఇంకేటి భయం?

ఇక్కడ ముగ్గురు నాతో పోట్లాడతారని తెలుసు.

ఒకరు, "డీఎస్సీకి చదువుకోవే, నవలలేటి" అంటారు. నేనూ చదువుతున్నాను. మా నాన్న నన్ను కాలేజీకి పంపింది ఉద్యోగం కోసమే. కానీ ఆ డీఎస్సీ పుస్తకంలో మన గురించి ఉన్న నాలుగు లైన్లు ఎవరో రాసినవే. అవి బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుని, టీచర్లమై, మళ్లీ అవే నాలుగు లైన్లు మన పిల్లలకి చెప్పడమేనా?

రెండోవారు, "నిజం మనుషుల్ని సూపర్‌హీరోలని చేస్తే చరిత్ర పాడవుతుంది" అంటారు. ఇది గట్టి మాట. అందుకే కేప్ కంటే నవల మేలంటున్నాను. కేప్ తొడిగితే మనిషి ఓడిపోకూడదు. నవలలో ఓడిపోవచ్చు, భయపడొచ్చు, తప్పు చెయ్యొచ్చు. చనిపోయిన ఆ ఇద్దరు కానిస్టేబుళ్లకీ ఇళ్లున్నాయని కూడా రాయొచ్చు. ఎక్కడ ఊహించామో ముందు మాటలో చెప్పీసుకుంటే చాలు.

మూడోవారు, "నువ్వు సవర పిల్లవి, కొండదొరల కథ నీకెందుకు" అంటారు. నిజమే. నా హక్కు సగమే. సాలూరు, పాచిపెంట వైపు అన్నయ్యలూ అక్కలూ, మీరు రాస్తే నేను చదువుతాను. మీ ఇళ్లలో ముసలోళ్లు మల్లయ్య గురించి గెజిటీర్లో లేనిది ఏమైనా చెప్పుకుంటారేమో అడగండి. ఆ తల్లి పేరు ఎవరికైనా తెలుసేమో అడగండి.

నేను అడిగేది చిన్నదే. సంక్రాంతి సెలవులకి ఊరెళ్లినప్పుడు ఇంట్లో పెద్దోళ్లు చెప్పే ఒక వీరుడి కథ ఫోన్లో రికార్డు చెయ్యండి. తర్వాత నాలుగు పేజీలు రాయండి. బొమ్మ వద్దు. ఆ మనిషి ఏం తిన్నాడు, ఎవరికి భయపడ్డాడు, రాత్రి ఎవరి గురించి ఆలోచించాడు, అంతే. సవరలో రాసినా, కువిలో రాసినా, మన యాస తెలుగులో రాసినా పర్వాలేదు. ఇక్కడ పెడదాం, ఒకరిది ఒకరం చదువుదాం. భీమ్ బొమ్మ పెట్టిన తమ్ముడూ, నువ్వు కూడా. నీ బొమ్మ నాకు నచ్చింది. ఈసారి ఆ కేప్ తొడుక్కున్నప్పుడు భీమ్ ఏమనుకున్నాడో కింద రాయి.

ముందు నేనే పెడతాను. వచ్చే ఆదివారం. గొడ్డలి పడ్డాక ఇప్పపువ్వు కోసం బయల్దేరిన ఇద్దరు ఆడవాళ్ల కథ. రెండు పేజీలు అయింది, మామ్మకి చదివి వినిపించాలి. ఆవిడ ఒప్పుకుంటేనే ఇక్కడికి వస్తుంది.

జోహార్.