కాలికి పట్టేదే చవక

హాకీ అనగానే అందరూ కర్ర సంగతే అడుగుతారు, బూటు సంగతి అడిగేవారు లేరు. మా నాయన మదనపల్లె మార్కెట్లో టమాటా అమ్మిన డబ్బుతో నాకు బూట్లు కొనిచ్చినాడు. వచ్చే ఏడాదికీ పనికొస్తాయని ఒక సైజు పెద్దవే తీసుకున్నాం. పరుగులో కాలు లోపల జారి మడమ బొబ్బలెక్కింది. నెలరోజులు ఆట మానుకున్నాను. నాయన ఒక్క మాటా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

ఒలింపిక్స్ హాకీ 1976 మాంట్రియల్ నుంచి కృత్రిమ పచ్చికపైనే జరుగుతోంది. మా గుర్రంకొండలో మేమాడేది గరప నేల. బూటు అడుగున పొడవైన గుబ్బలు కొన్నే ఉంటే బరువంతా వాటిమీదే పడి పాదం నొస్తుంది. చిన్న రబ్బరు గుబ్బలు ఎక్కువుంటే బరువు పంచుకుంటాయి. మనం చదివిన పీడనం పాఠం ఇదే గదా!

కాబట్టి పాదం కాస్త ఉబ్బే సాయంకాలం వేళ, మేజోళ్లు వేసుకుని తొడిగి, నాలుగడుగులు నడిచి చూడండి. సరదాగా ఆడే మనకు పేరుమోసిన బూటు అక్కర్లేదు. కాలికి పట్టేదే చవక, పట్టనిది ఊరికే ఇచ్చినా ఖరీదే.