గోదావరి ముఖద్వారానికీ నీటి వాటా

వరదలు మొదలైతే చాలు, గోదావరి నీరంతా సముద్రం పాలవుతోందన్న గగ్గోలూ మొదలవుతుంది. ఏటా సగటున 3,000 టీఎంసీలు వృథాగా పోతున్నాయని పార్టీలకతీతంగా నాయకులు చెబుతూనే ఉన్నారు. ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు దాటిన నీరు దేనికీ పనికిరానట్టే వీరి మాట. యానాం, భైరవపాలెం, అంతర్వేది దగ్గర పులస, పండుగప్ప, రొయ్య, మండపీత బతుకుతున్నది ఆ నీటి మీదే. వాటిని పట్టి పొట్టపోసుకునే కుటుంబాలకూ అదే ఆధారం. కడలిలో కలిసే నీటిని వృథా ఖాతాలో రాయడం ఇకనైనా మానాలి.

వానాకాలంలో ఎర్రనీరు దిగితే పాయల్లోని ఉప్పు సముద్రం వైపు జరుగుతుంది. ఆ నీటితో వచ్చే ఒండ్రు, పోషకాలతో కంటికి కనిపించని నాచు పెరిగి చేపపిల్లలకు మేత అవుతుంది. నీరు మసకగా ఉండబట్టే పిల్లలు పెద్ద చేపల కంటపడకుండా బతుకుతాయి. మడ వేళ్ల సందుల్లో రొయ్య పిల్లలు ఎదుగుతాయి. వేసవి వచ్చేసరికి నది నీరంతా కాల్వలకే మళ్లుతుంది, బ్యారేజీ గేట్లు మూతపడతాయి. పోటుతో ఉప్పునీరు పాయల్లోకి ఎగదన్నుతుంది. మంచినీటి చేపలు పైకి తప్పుకుంటే సముద్రపు చేపలు లోపలికి వస్తాయి. ఉప్పు తక్కువ నీటిలో ఎదగాల్సిన పిల్లలకు మాత్రం చోటు ఉండదు. వేసవిలో ఉప్పు పెరగడం సహజమే. ఆ ఉప్పు రోజులను పొడిగిస్తున్నది మాత్రం మనమే.

పులసనే చూడండి. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదే చేప అది. కొత్తనీరు తగిలితేనే కదులుతుంది. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ భారీ వరదల్లో తప్ప ధవళేశ్వరం దాటడం దానికి గగనమే. గంగలోనూ ఇదే జరిగింది. ఒకప్పుడు అలహాబాద్ దాకా ఎదురీదిన ఇదే జాతి చేప, 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఎగువన దాదాపు కనుమరుగైంది. మన దగ్గర బ్యారేజీ దిగువన మిగిలిన ఆ కాస్త దూరంలోనే, పొట్టనిండా జనతో వచ్చిన చేపను పట్టి వేలం వేస్తున్నాం. యానాంలో ఒక్క పులస ఇరవై వేలు దాటి పలికితే గోదావరి రుచికి దక్కిన గౌరవమని మురిసిపోతున్నాం. అది కొరత పెంచిన ధర.

చీరమేను సంగతి ఇంకా ఘోరం. వరద తీశాక యానాం మార్కెట్లో దాన్ని గ్లాసులతో కొలిచి అమ్ముతారు. దగ్గరగా చూస్తే అంగుళమైనా లేని తెల్లటి పిల్లలు, ఒక్కోదానికి నల్లచుక్కల్లాంటి రెండు కళ్లు. పెద్దవై వలకు చిక్కాల్సిన రకరకాల చేపలు ఒక్క గ్లాసులో కూరకు పోతున్నాయి. పూట గడవడానికి వల వేసినవాడిని దొంగలా చూడటం అన్యాయం. అతడికి మరో దారి చూపకపోవడం ప్రభుత్వాల తప్పు.

ఎగువన కట్టిన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతోంది. 1970లలో గోదావరి తెచ్చిన ఒండ్రులో సగం కూడా 1990లలో డెల్టాకు చేరలేదు. వానల తీరూ మారింది. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు ఎగసింది. ఇలాంటి కొద్ది రోజుల వరదే ఏడాది మొత్తాన్ని ఘనంగా చూపిస్తుంది. చేపకు ఏడాది సగటుతో పని లేదు. జూలైలో తొలి వరద ఎంత వచ్చింది, ఫిబ్రవరిలో కనీస ప్రవాహం ఉందా అన్నదే దాని బతుకు. తొలి ఎర్రనీటినే జలాశయాలకు మళ్లిస్తే పులసకు కబురు అందేదెలా?

రాయలసీమ దాహం నిజం. ఆ దాహం తీర్చడానికి ఈ పత్రిక అడ్డు చెప్పదు. పోలవరం నుంచి 200 టీఎంసీలు తరలించే ముందు ముఖద్వారం వాటా తేల్చమనే అడుగుతున్నాం. తేల్చకపోతే ఏమవుతుందో కృష్ణను చూస్తే తెలుస్తుంది. 2000 తర్వాత వరుస కరవు ఏళ్లలో ప్రకాశం బ్యారేజీ దాటి హంసలదీవి వైపు దాదాపు నీరే వెళ్లలేదు. గంగ ఎగువ భాగానికి కనీస ప్రవాహాలు నిర్ణయిస్తూ కేంద్రం 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. గోదావరి ఏం పాపం చేసింది?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం అమల్లో ఉంటుంది. పులస ఎదురీదేది ఆ తర్వాతే. అది గుడ్లు పెట్టే వారాల్లో పాయల్లోనూ వేట ఆపాలి. సముద్ర వేట ఆగిన రోజులకు ఆంధ్రప్రదేశ్‌లో ఇస్తున్న 20 వేల రూపాయల భృతి లాంటిదే పాయల మత్స్యకారులకూ ఇవ్వాలి. యానాం పుదుచ్చేరిలో ఉంది కాబట్టి రెండు ప్రభుత్వాలూ కలిసి చేయాల్సిన పని ఇది. బంగ్లాదేశ్ పులస జాతి పిల్ల చేపల వేటను నిషేధించి, ఆ కాలంలో జాలర్లకు బియ్యం ఇచ్చింది. అక్కడ 2002-03లో సుమారు 2 లక్షల టన్నులున్న ఈ చేప దిగుబడి 2017-18 నాటికి 5 లక్షల టన్నులు దాటింది.

235 చదరపు కిలోమీటర్ల కోరింగ మడ అడవిని 1978లో అభయారణ్యం చేసినంత మాత్రాన సరిపోదు. చుట్టుపక్కల చెరువుల మురుగు అందులోకి చేరకుండా చూడాలి. అన్నింటికన్నా ముందు, పోలవరం తరలింపు పథకం సమగ్ర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్)లో ధవళేశ్వరం దిగువకు ఏ నెలలో ఎన్ని క్యూసెక్కులు వదులుతారో చెప్పే పట్టిక ఉండాలి. అది లేని డీపీఆర్‌ను కేంద్ర జలసంఘం తిప్పి పంపాలి.