కారు కూడా గ్యాడ్జెటే.. మరి రిపేర్ చేసుకునే హక్కు ఎవరిది?

ఫోన్ కొనే ముందు మనం చూడని స్పెక్ ఉండదు. ప్రాసెసర్ ఏంటి, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు, బ్యాటరీ మార్చాలంటే ఎంతవుతుంది, లోపల స్క్రూలు పెట్టారా, గమ్‌తో అతికించారా.. అన్నీ అడుగుతాం. అదే పది లక్షలు పెట్టి కారు కొనేటప్పుడు మాత్రం స్క్రీన్ ఎన్ని ఇంచులు, సన్‌రూఫ్ ఉందా, వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో ఉందా అన్న దగ్గరే ఆగిపోతాం. "ఇది చెడిపోతే ఎవరు బాగు చేయగలరు?" అన్న ప్రశ్న షోరూమ్‌లో చాలామందికి గుర్తే రాదు. వారంటీ అయిపోయాక వచ్చే మొదటి బిల్లు చూసినప్పుడు గుర్తొస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. ఇవాళ్టి కారు అంటే చక్రాల మీద తిరిగే కంప్యూటర్ నెట్‌వర్క్. ఇంజిన్‌కి ఒక కంట్రోల్ యూనిట్, బ్రేకులకి ఒకటి, ఎయిర్‌బ్యాగులకి ఒకటి, తలుపులూ లైట్లకి ఇంకొకటి. అవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి. ఆ మాటలు వినే హక్కు డబ్బులు కట్టిన ఓనర్‌కీ, ఆయన నమ్మిన మెకానిక్‌కీ ఉండాలి. అది కంపెనీ సర్వీస్ సెంటర్ చేతిలో మాత్రమే ఉంటే, ఈఎంఐలన్నీ కట్టేశాక కూడా ఆ కారు పూర్తిగా మనది కానట్టే.

స్టీరింగ్ కింద ఉన్న 16 పిన్నుల పోర్ట్

మీ ఇంట్లో కారు ఉంటే ఒకసారి స్టీరింగ్ కిందకి వంగి చూడండి. 16 పిన్నుల పోర్ట్ ఒకటి కనిపిస్తుంది. దాని పేరు ఓబీడీ-2. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి. అసలు ఉద్దేశం పొల్యూషన్ కంట్రోల్. ఇంజిన్ తేడాగా నడుస్తూ ఎక్కువ పొగ వదిలితే, ఆ విషయాన్ని కారే గుర్తించి డ్రైవర్‌కి చెప్పాలి. డాష్‌బోర్డ్ మీద ఇంజిన్ బొమ్మతో వెలిగే పసుపు లైటు అదే.

ఆ లైటు వెనకాల ఒక కోడ్ ఉంటుంది. పీ0300 అంటే మిస్‌ఫైర్ అవుతోంది. పీ0171 అంటే ఇంజిన్‌లోకి వెళ్తున్న మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. పీ0420 అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పని చేయట్లేదని కారుకి అనుమానం. పీ తర్వాత సున్నా ఉన్న కోడ్‌లు అన్ని కంపెనీలకీ ఒకటే. ఈఎల్ఎం327 అనే చిప్ ఆధారంగా తయారైన బ్లూటూత్ డాంగిల్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. పోర్ట్‌లో పెట్టి, ఫోన్‌లో ఒక యాప్ వేసుకుంటే చాలు, కారు తన బాధ తానే చెప్పుకుంటుంది.

నన్నడిగితే ఒక సామాన్య కారు ఓనర్ కొనదగ్గ గ్యాడ్జెట్లలో ఇంత తక్కువ ధరకి ఇంత ఉపయోగపడేది మరొకటి లేదు.

ఒక లైటు, రెండు అంచనాలు

మా నాన్నగారి పెట్రోల్ కారుకి కిందటేడాది ఇంజిన్ లైటు వెలిగింది. సర్వీస్ సెంటర్ వాళ్లు స్కాన్ చేసి పీ0171 వచ్చిందన్నారు. ఆక్సిజన్ సెన్సార్, ఫ్యూయల్ పంప్ మార్చాలి, మొత్తం 21 వేలు అవుతుందని ఎస్టిమేట్ ఇచ్చారు. నాన్న "సరే కానివ్వండి" అనబోతుంటే, ఒక్కరోజు ఆగమని చెప్పి కారు ఇంటికి తెచ్చాం.

డాంగిల్ పెట్టి లైవ్ డేటా చూశాను. ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక రీడింగ్ ఉంటుంది. మిశ్రమం సరిచేయడానికి ఇంజిన్ కంప్యూటర్ ఎంత పెట్రోల్ అదనంగా పోస్తోందో, లేదా తగ్గిస్తోందో అది చెబుతుంది. బండి ఊరికే ఐడిల్‌లో ఉన్నప్పుడు అది ప్లస్ 24 శాతం చూపిస్తోంది. రేస్ చేసి 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే 6 శాతానికి దిగిపోయింది. పంప్ బలహీనపడితే సాధారణంగా దీనికి ఉల్టా జరుగుతుంది. బండి మీద లోడ్ పెరిగేకొద్దీ పెట్రోల్ చాలక ఆ అంకె పెరుగుతుంది. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, రేస్ చేస్తే తగ్గుతోందంటే ఎక్కడో సన్నగా గాలి లీక్ అవుతోందని అర్థం. ఇంజిన్ తక్కువ గాలి పీల్చే టైంలో చిన్న లీకేజీ కూడా పెద్ద తేడా చూపిస్తుంది.

స్క్రీన్‌షాట్లు తీసుకుని మా కాలనీలో ఉండే మెకానిక్ అన్న దగ్గరికి వెళ్లాం. ఆయన ఫోన్ వైపు ఒక చూపు చూసి, బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బర్ పైపు మడతల్లో వేలు పెట్టి చూపించాడు. "గిదిగో తమ్మీ, పైపు పగిలింది. సెన్సార్ కొలిచినంక గీడికెల్లి దొంగగాలి పోతున్నది." కొత్త పైపు, లేబర్ కలిపి 1,400 రూపాయలు. లైటు మళ్లీ రాలేదు.

సర్వీస్ సెంటర్ వాళ్లు మోసం చేశారని నేను అనట్లేదు. వాళ్ల దగ్గర నా డాంగిల్ కంటే వంద రెట్లు మంచి స్కానర్ ఉంది. కానీ గంటసేపు వెతికి పగిలిన పైపు పట్టుకుంటే బిల్లు చిన్నది, పార్టు మార్చేస్తే బిల్లు పెద్దది. ఆ పద్ధతిలో మనిషి నిజాయితీపరుడైనా సరే, పార్టు మార్చడమే తేలికైన దారి అయిపోతుంది. మన చేతిలో కూడా అదే డేటా ఉంటే కనీసం "ఎందుకు?" అని అడగగలం. రెండో అభిప్రాయం తీసుకోగలం. నా పాయింట్ అంతే.

తాళం ఎక్కడ పడుతోంది?

ఇంజిన్, పొల్యూషన్‌కి సంబంధించిన బేసిక్ కోడ్‌లు అందరికీ ఓపెన్. చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు, బాడీ కంట్రోల్ లాంటివాటిలోకి వెళ్లాలంటే చాలా కార్లకి కంపెనీ సాఫ్ట్‌వేర్ గానీ, ఖరీదైన స్కానర్ గానీ కావాలి. కొత్త తాళంచెవి ప్రోగ్రామ్ చేయాలన్నా, కొన్ని డీజిల్ కార్లలో ఇంజెక్టర్ మార్చాలన్నా కోడింగ్ తప్పదు. ముందు కెమెరా ఉన్న కారుకి అద్దం మారిస్తే, ఆ కెమెరాని మళ్లీ కాలిబ్రేట్ చేయాలి.

మనకి ఇది కొత్త కథేం కాదు. 2021లో ఐఫోన్ 13 స్క్రీన్ బయట మారిస్తే ఫేస్ ఐడీ పని చేయట్లేదని ఎంత గొడవైందో గుర్తుందిగా? గొడవ పెరిగాక యాపిల్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో దాన్ని సడలించింది. పార్టు ఒరిజినలే అయినా సాఫ్ట్‌వేర్ "ఊఁ" అనాలి.. ఆ లాజిక్కే ఇప్పుడు కార్లలోకి వచ్చింది.

ఇంకో అడుగు ముందుకేసిన వాళ్లూ ఉన్నారు. 2022లో బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో సీటు హీటర్‌కి నెలవారీ చందా పెట్టింది. హీటర్ కారులోనే ఉంది, డబ్బులు కడితేనే ఆన్ అవుతుంది! జనం తిట్టిపోశాక 2023లో ఆ ఆలోచన మానుకుంది. మెర్సిడెస్ అదే 2022లో, అమెరికాలో తన కొన్ని ఎలక్ట్రిక్ కార్లకి అదనపు పికప్ కావాలంటే ఏడాదికి 1,200 డాలర్లు కట్టమంది.

లగ్జరీ కార్ల గొడవ మనకెందుకు అనుకోవచ్చు. కానీ రిపేర్ తాళం పడితే ముందు దెబ్బ తగిలేది కారు మీద బతికేవాళ్లకి. క్యాబ్ నడిపే అన్నకి బండి నాలుగు రోజులు సర్వీస్ సెంటర్‌లో ఆగిందంటే నాలుగు రోజుల సంపాదన పోయినట్టే, ఈఎంఐ మాత్రం ఆగదు. జిల్లా కేంద్రానికి అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో బండి ఆగితే దిక్కు రోడ్డు పక్క మెకానిక్కే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల తరాలుగా చేతిమీద నేర్చుకున్న పనితనం ఉంది. ఇంజిన్ శబ్దం విని జబ్బు చెప్పేవాళ్లున్నారు. వాళ్లకి తెలివి తక్కువై పని పోవట్లేదు, పాస్‌వర్డ్ లేక పోతోంది.

చట్టం ఏమంటోంది?

ఈ విషయంలో మన దేశం మరీ వెనకబడి లేదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల రూపాయలకి పైగా జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, డయాగ్నొస్టిక్ టూల్స్, రిపేర్ మాన్యువల్స్ బయటి గ్యారేజీలకి అందకుండా చేస్తున్నారన్నది కేసు. బయట రిపేర్ చేయించినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు అనే షరతు పెట్టకూడదనీ, బయటి రిపేర్ వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చనీ ఆ ఆదేశంలో ఉంది. కంపెనీలు అప్పీళ్లకి, కోర్టులకి వెళ్లాయి.

2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసి, ఏడాది చివర్లో పోర్టల్ కూడా తెచ్చింది. అందులో ఫోన్లు, గృహోపకరణాలు, వ్యవసాయ పరికరాలతో పాటు ఆటోమొబైల్ రంగం కూడా ఉంది. మంచి మొదలే. కానీ పోర్టల్‌లో కస్టమర్ కేర్ నంబర్ దొరకడం వేరు, మెకానిక్‌కి డయాగ్నొస్టిక్ యాక్సెస్ దొరకడం వేరు.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో దీని మీద ఓటింగే పెట్టారు. 80 శాతం పైగా జనం రిపేర్ హక్కుకే ఓటేశారు. ఆ తర్వాత 2014లో కంపెనీలు ఆ రూల్‌నే దేశమంతా పాటించడానికి ఒప్పందం చేసుకున్నాయి. డేటా వైర్‌లెస్‌గా కంపెనీ సర్వర్లకి వెళ్లడం మొదలయ్యాక, 2020లో దానికీ ఓటింగ్ జరిగి మళ్లీ జనమే గెలిచారు. కంపెనీలు దాని మీద కూడా కోర్టుకెక్కాయి.

"మరి సెక్యూరిటీ సంగతేంటి?"

కంపెనీల వాదన కొట్టిపారేసేది కాదు. 2015లో ఇద్దరు సెక్యూరిటీ రీసెర్చర్లు హైవే మీద వెళ్తున్న జీప్ చెరోకీని ఇంటర్నెట్ ద్వారా దూరం నుంచే కంట్రోల్ చేసి చూపించారు. దాంతో 14 లక్షల వాహనాలని రీకాల్ చేయాల్సి వచ్చింది. బ్రేకులు, స్టీరింగ్ సాఫ్ట్‌వేర్ చేతిలో ఉన్నప్పుడు ఎవరు పడితే వాళ్లు లోపలికి వెళ్లకూడదన్నది నిజమే.

అయితే సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా ఒక మాట. సిస్టమ్‌కి లాగిన్ పెట్టడం సెక్యూరిటీ. ఆ లాగిన్ మా వాళ్లకి తప్ప ఎవరికీ ఇవ్వం అనడం వ్యాపారం. బ్యాంకు యాప్‌లు కోట్లమందిని రోజూ వెరిఫై చేసి లోపలికి పంపట్లేదా? రిజిస్టర్ అయిన మెకానిక్‌కి ఐడీ ఇవ్వండి, ఓనర్ ఓటీపీతో అనుమతి తీసుకోండి, ఎవరు ఏం మార్చారో లాగ్‌లో రాయండి. అమెరికాలో ఆ జీప్ గ్రూపు కార్లకే సెక్యూరిటీ గేట్‌వే పెట్టాక, రిజిస్టర్ చేసుకున్న బయటి షాపులకి యాక్సెస్ ఇచ్చే ఏర్పాటు వచ్చింది. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు?

మన వంతు

ఫ్రాన్స్‌లో 2021లో ఫోన్ల మీద రిపేరబిలిటీ స్కోర్ వేయడం మొదలుపెట్టారు. పదికి ఎన్ని మార్కులో డబ్బా దగ్గరే తెలిసిపోయేది. కార్లకీ అలాంటిది రావాలి. అది వచ్చేదాకా రివ్యూలు చేసే మనమైనా ఆ పని చేయాలి. ఇన్ఫోటైన్‌మెంట్ స్క్రీన్‌కి నాలుగు పేరాలు రాసే చోట, హెడ్‌లైట్ యూనిట్ ధర ఎంత, రెండో తాళంచెవికి ఎంతవుతుంది, బయటి స్కానర్ ఎంతవరకు చదవగలదు అని ఒక్క పేరా రాయలేమా?

డాంగిల్ కొనేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు. పని అయిపోగానే పీకేయండి. పోర్ట్‌లోనే వదిలేస్తే బ్యాటరీ దిగిపోవచ్చు, చవక డాంగిల్స్‌లో సెక్యూరిటీ కూడా అంతంత మాత్రమే. ఐఫోన్ వాడేవాళ్లు బ్లూటూత్ లో ఎనర్జీ గానీ, వైఫై గానీ ఉన్న మోడల్ చూసుకోండి. కోడ్ క్లియర్ చేస్తే లైటు ఆరుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. అందుకే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. బ్రేకులు, ఎయిర్‌బ్యాగుల జోలికి మాత్రం సొంతంగా వెళ్లకండి.

షోరూమ్‌కి వెళ్లినప్పుడు సేల్స్ వాళ్లని మూడు ప్రశ్నలు అడగండి: బయట ఆయిల్ మార్పిస్తే వారంటీ ఏమవుతుంది? రాతపూర్వకంగా ఇస్తారా? విండ్‌షీల్డ్ మారిస్తే కెమెరా కాలిబ్రేషన్ ఎక్కడ, ఎంత? మొదట్లో వాళ్లు తెల్లమొహం వేస్తారు. పదిమంది అడిగితే మేనేజర్‌ని పిలుస్తారు. వందమంది అడిగితే, ఆ జవాబు బ్రోచర్‌లో అచ్చవుతుంది.