కొట్టు తెరిచే ఉంది... దారే తెలీదు!

పరీక్ష దరఖాస్తుకు ఇవాళే ఆఖరు. జమ్మలమడుగులో ఓ అమ్మాయి కంప్యూటర్‌ ముందు కూర్చుంది. ఏ వెబ్‌సైట్‌ కొట్టినా 'సర్వర్‌ దొరకలేదు' అనే వస్తోంది.

'నెట్‌ పోయినట్టుందిమ్మా!'

'లేదు నాయనా, నా ఫోన్‌ డేటాలో వస్తాంది!'

మరి లోపమెక్కడ? చాలాసార్లు డీఎన్‌ఎస్‌లో!

ప్రొద్దుటూరులో బంగారం కొనడానికి వెళ్లేవారికి కొట్టు పేరు తెలుస్తుంది, వీధి తెలీదు. బస్టాండులో ఎవర్నో అడుగుతారు. చెప్పేవారు లేకపోతే? కొట్టు తెరిచే ఉన్నా చేరలేరు. ఇంటర్నెట్టూ అంతే. మనం పేరు టైప్‌ చేస్తాం, కంప్యూటర్‌కు కావాల్సింది అంకెల చిరునామా. ఆ పేరుకు ఈ అంకెలని చెప్పేదే డీఎన్‌ఎస్‌. 1983లో పాల్‌ మొకాపెట్రిస్‌ దీనికి రూపమిచ్చారు. అంతకుముందు పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి!

ఈ దారి చెప్పేవాడు మాయమైతే ఎంతటివారికైనా తిప్పలే. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్‌, వాట్సాప్‌ సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి. నిర్వహణ పనుల్లో ఇచ్చిన ఓ ఆదేశంతో సొంత నెట్‌వర్కే తెగింది. దాంతో వాటి డీఎన్‌ఎస్‌ సర్వర్లు నడుస్తున్నా బయటివారికి అందలేదు. పులివెందుల నుంచి ప్యారిస్‌ దాకా అందరికీ ఒకటే ఇబ్బంది.

ఇలా పరీక్షించండి

* కమాండ్‌ ప్రాంప్ట్‌లో 'పింగ్‌' అని ఇంగ్లిషులో కొట్టి, పక్కన 8.8.8.8 ఇవ్వండి. జవాబొస్తే నెట్‌ ఉన్నట్టే.

* ఈసారి అంకెల బదులు సైట్‌ పేరివ్వండి. ఆ పేరుకు అంకెల చిరునామా కనిపించకపోతే అనుమానం డీఎన్‌ఎస్‌ మీదే.

* రూటర్‌ ఆపి మళ్లీ వేయండి. ఫలితం లేదా? నెట్‌వర్క్‌ సెట్టింగుల్లో డీఎన్‌ఎస్‌ దగ్గర గూగుల్‌ వారి 8.8.8.8 గానీ, క్లౌడ్‌ఫ్లేర్‌ వారి 1.1.1.1 గానీ ఇవ్వండి.

* ఎవరో పంపిన ముక్కూమొహం తెలీని అంకెలు మాత్రం వద్దు. తప్పుడు డీఎన్‌ఎస్‌ మిమ్మల్ని నకిలీ బ్యాంకు సైటుకు తీసుకెళ్లొచ్చు.

సైట్‌ మీదే అయితే...

వ్యాపారానికి సొంత వెబ్‌సైట్‌ ఉంటే ముందు డొమైన్‌ గడువు చూసుకోండి. రెన్యువల్‌ మరిస్తే సర్వర్‌ నిక్షేపంగా ఉన్నా సైట్‌ కనిపించదు. సర్వర్‌ మారుస్తున్నారా? పాత చిరునామాను ఇతర కంప్యూటర్లు కొంతకాలం గుర్తుంచుకుంటాయి. ఆ వ్యవధిని టీటీఎల్‌ అంటారు. దాన్ని ఒకట్రెండు రోజుల ముందే తగ్గించండి. మారాక కూడా పాత సర్వర్‌ను రెండు రోజులు నడవనివ్వండి. లేదంటే వచ్చిన ఆర్డర్లు మూసేసిన కొట్టుకే వెళ్తాయి.

ఇక జమ్మలమడుగు అమ్మాయి సంగతి. ఫోన్‌ డేటాను కంప్యూటర్‌కు కలిపి ముందు దరఖాస్తు పంపేసింది. తర్వాత నాయనతో కస్టమర్‌ కేర్‌కు ఫోన్‌ చేయించింది. 'నెట్‌ రావట్లేదు' అని కాదు. 'నెట్‌ ఉంది, పేర్లు దొరకట్లేదు, డీఎన్‌ఎస్‌ చూడండి' అని!