కెమెరాల లెక్క కాదు, రాత్రి బొమ్మ చూపెట్టుండ్రి

పోస్టు జర పొడుగున్నది, ఓపికతో చదవండి.

"ఒక్క కెమెరా వంద మంది పోలీసులతో సమానం" అని ఊరూర మీటింగులల్ల చెప్తున్నరు. "నేను సైతం" అని చందాలు వేసుకొని కెమెరాలు పెట్టుకున్న ఊర్లు, బస్తీలు మస్తున్నయి. మంచిదే. నేను అడిగేది ఒక్కటే: ఆ వంద మందికి రాత్రి కండ్లు కనపడ్తయా?

స్టార్టర్ డబ్బా, మోటర్ కేబుల్, ట్రాన్స్‌ఫార్మర్‌ల రాగి తీగ, ఇవన్నీ ఎక్కువ పోయేది రాత్రిపూటనే. పోయేది కేబుల్ పైసలే కాదు, పొట్ట మీదున్న వరికి నాలుగు దినాల నీళ్లు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చినంక బాయికాడ పండేటోళ్లు తగ్గిన్రు. పాముల భయం తప్పింది, సంతోషం. కానీ కాపలా కెమెరా మీద పడ్డది.

మనం సికింద్రాబాద్ పోతే రాణిగంజ్‌ల మోటర్ సామాను కొని, అటే పార్క్‌లేన్ దిక్కు పోయి కెమెరా తెచ్చుకుంటం. దుకాణంల చెప్పేది ఒకటే పాట: ఇన్ని మెగాపిక్సెళ్లు, 30 మీటర్ల నైట్ విజన్. పట్టపగలు ట్యూబ్‌లైట్ల కింద బొమ్మ చూపించి బిల్లు రాస్తరు. రాత్రి బొమ్మ ఎవడూ చూపెట్టడు.

అసలు సంగతి వెలుగుల ఉన్నది. రాత్రి కెమెరా మన కంటికి కనపడని ఐఆర్ లైటుతోని చూస్తది. 10 మీటర్ల కాడ పడ్డ వెలుగు 20 మీటర్లకు నాలుగో వంతు, 30 మీటర్లకు తొమ్మిదో వంతే మిగుల్తది. అప్పుడు మనిషి నీడ కనపడ్తది, మొఖం కనపడదు. నీడను చూసి ఎవని మీద కేసు పెడ్తం?

ఇంకోటి, ఆ బుగ్గలు లెన్స్ పక్కనే ఉంటయి. సాలెపురుగు గూడు అల్లినా, వాన చినుకు పడ్డా, దుమ్ము లేచినా వెలుగు తిరిగి లెన్స్‌లకే కొట్టి అంతా తెల్లగైతది. మంచుల బండికి హై బీమ్ వేసినట్టే. దగ్గర సున్నం గోడ ఉన్నా అంతే, గోడ మెరుస్తది, గేటు చీకటైతది. బండి నంబర్ ప్లేటు కూడా తెల్లగ మెరిసి చదవరాదు.

దీనికి మందు పెద్ద కెమెరా కాదు. వేరే ఐఆర్ లైటు కొని కెమెరాకు నాలుగైదు అడుగుల దూరంల పెట్టి, కెమెరా సొంత బుగ్గలు బందు చేయాలె. దూరం చూడాలంటే ఇరుకు కిరణం లైటు తీసుకోవాలె. ఒకటే బోరు నీళ్లు, ఐదు గుంటలకు పారిచ్చుడు వేరు, రెండెకరాలకు పారిచ్చుడు వేరు కదా. 850 నానోమీటర్లది దూరం పోతది, కొంచెం ఎర్రగ కనపడ్తది. 940ది అసలు కనపడదు గని దూరం తక్కువ. పొలానికి 850 చాలు. 12 వోల్టుల లైటుకు సన్న వైరు వంద మీటర్లు గుంజితే వోల్టేజ్ పడిపోతది, అది మనకు ఒకరు చెప్పేది కాదు.

"తెల్ల ఎల్ఈడీ బుగ్గ పెడితే అయిపాయె" అంటరు కొందరు. ఇంటి ముంగట అయితే సరే. వరి పక్కన తెల్లారేదాక బుగ్గ వెలిగితే కాండం తొలుచు పురుగు రెక్కల పురుగులను మనమే పిలిచినట్టు. దీపపు ఎరలు పని చేసేది గట్లనే కదా.

2013 చట్టం ఒకేసారి 100 మంది, లేదా రోజుకు 500 మంది వచ్చే జాగల కెమెరాలు పెట్టాలన్నది. పెట్టిన్రు. మన బాయికాడికి 500 మంది రారు, ఒక్కడే వస్తడు, చీకట్ల వస్తడు. అందుకే మన కొలత వేరే ఉండాలె.

ఇగ మనం చేయాల్సింది: కెమెరా బిగించినోనికి సగం పైసలు ఆపుండ్రి. రాత్రి పది గంటలకు లైట్లన్నీ బందు చేసి, ఒక మనిషిని గేటు నుంచి స్టార్టర్ డబ్బా దాక నడిపించుండ్రి. ఫోన్‌ల మొఖం గుర్తు పడితేనే మిగతా పైసలు. ఊరి చందాతోని పెట్టిన కెమెరాలకు కూడా ఇదే పరీక్ష గ్రామసభల అడగాలె. రిబ్బన్ పగలు కత్తిరిస్తరు, దొంగ రాత్రి కత్తిరిస్తడు.

మీ ఊర్ల కెమెరా రాత్రి ఎట్ల కనపడ్తదో కింద రాయుండ్రి. పది మంది రైతులకు పంపుండ్రి.